శిలలు చెప్పిన నీటి కథ

ఉద్దేశం

చారిత్రక ప్రదేశాలను కాలక్షేపం కోసం చూసేవారు చాలామంది. చూచిన దానిని గురించి ఒక ప్రశ్న వేసుకొనేవారు కొద్దిమంది. ఒక్క సరైన ప్రశ్న శిథిలాలకు ఎలా ప్రాణం పోయగలదో విద్యార్థులకు తెలియజేయడం, పూర్వుల జలసంరక్షణ విధానాన్ని పరిచయం చేయడం, వారసత్వ కట్టడాల పట్ల బాధ్యతను కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రాచీన శిథిలాలను దర్శించేవారు రెండు విధాలుగా ఉంటారు. చరిత్ర చదువుకొని, చూడవలసిన వాటిని ముందుగానే మనస్సులో నిలుపుకొని వచ్చేవారు కొందరు. దారిలో ఉన్నది గనుక చూచిపోదామని వచ్చేవారు మరికొందరు. సంఖ్యలో రెండవ వర్గం వారే ఎక్కువ. అంతమాత్రాన వారిని చులకనగా చూడనక్కరలేదు. ఎండకు కాలిన పాదాలు, దాహానికి ఎండిన గొంతు కూడా ఒక్కొక్కప్పుడు మనిషిని చరిత్ర వైపు నడిపిస్తాయి. హంపిలో ఒక పగలు గడిపిన నలుగురు విద్యార్థుల అనుభవం ఇందుకు నిదర్శనం.

కర్ణాటక రాష్ట్రంలో హోసపేటకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, తుంగభద్రా నది దక్షిణ తీరాన హంపి ఉన్నది. 1336లో హరిహర బుక్కరాయలు స్థాపించిన విజయనగర సామ్రాజ్యానికి ఇది రాజధాని. 2021లో బళ్లారి జిల్లా నుండి విడదీసి ఏర్పరచిన కొత్త జిల్లాకు ఆ పాత రాజధాని పేరే పెట్టారు. తెలుగువారికి ఈ నేలతో ఉన్న అనుబంధం విడదీయరానిది. 1509 నుండి 1529 వరకు ఇక్కడి సింహాసనాన్ని అధిష్ఠించిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ను రచించాడు. అల్లసాని పెద్దన తన ‘మనుచరిత్ర’ను ఆయనకే అంకితం చేశాడు. ఈ శిథిలాలను చూచి చలించిన కొడాలి వేంకట సుబ్బారావు ‘హంపీ క్షేత్రము’ అనే కావ్యం రాశాడు. 1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

అది ఏప్రిల్ మాసాంతం. అనంతపురం జిల్లాకు చెందిన నలుగురు ఇంటర్మీడియెట్ విద్యార్థులు మిత్రుని అక్క పెండ్లికి హోసపేటకు వచ్చారు. ముహూర్తం తెల్లవారుజామున ముగిసింది. తిరుగు రైలు రాత్రికి గాని లేదు. పగలంతా ఏమి చేయాలో తోచక, పెండ్లివారు చెప్పగా హంపి చూచి వద్దామని ఒక ఆటో మాట్లాడుకొని బయలుదేరారు. వారి చేతిలో చరిత్ర పుస్తకమేదీ లేదు. టోపీలు, నీళ్ల సీసాలు, ఫొటోలు తీసుకోవడానికి సెల్‌ఫోన్లు మాత్రం ఉన్నాయి. ఆటో నడిపే వృద్ధునికి కన్నడంతో పాటు తెలుగు కూడా చక్కగా వచ్చు.

మొదట విరూపాక్షాలయం చేరారు. శతాబ్దాలు గడిచినా నేటికీ నిత్యపూజలు జరుగుతున్న ఆలయమిది. తూర్పున ఉన్న రాజగోపురం ఎత్తు సుమారు 50 మీటర్లు. కృష్ణదేవరాయల పట్టాభిషేక సందర్భంలో ఇక్కడి రంగమండపం నిర్మించబడినట్లు శాసనం తెలుపుతున్నది. చెప్పులు వెలుపల విడిచి రాతి ప్రాంగణంలో అడుగుపెట్టగానే నలుగురూ గంతులు వేస్తూ నీడలోకి పరుగెత్తారు. ఆలయం వెనుక భాగంలోని చీకటి గదిలో ఒక వింత కనిపించింది. గోడపై రాజగోపురపు నీడ తలక్రిందులుగా పడుతున్నది. సన్నని రంధ్రం గుండా వచ్చిన కాంతి సరళరేఖలో ప్రయాణించడమే అందుకు కారణం. సూదిబెజ్జపు కెమెరా పాఠం చదివినవారే గనుక సంగతి వెంటనే గ్రహించారు. ఫొటోలు తీసుకొని బయటకు వచ్చారు.

తరువాత హేమకూటం ఎక్కారు. అప్పటికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఎటు చూచినా బండలే. ఒక బండపై మరొకటి, దానిపై ఇంకొకటి, ఎవరో పేర్చినట్లు నిలిచి ఉన్నాయి. లక్షల సంవత్సరాలుగా ఎండకు, వానకు అరిగిన గ్రానైటు శిలలవి. ఈ ప్రాంతమే రామాయణంలోని కిష్కింధ అని జనుల విశ్వాసం. విద్యార్థులకు మాత్రం అప్పుడు కిష్కింధా గుర్తుకు రాలేదు, రాయలూ గుర్తుకు రాలేదు. కొండ మీది చిన్న మండపం నీడలో కూలబడి, మిగిలిన నీళ్లు పంచుకొని తాగారు.

“ఏముంది ఇక్కడ? రాళ్లు. రాళ్ల మీద రాళ్లు. దీనికోసమా ఇంత ఎండలో వచ్చాం?” అన్నాడు వారిలో ఒకడు. మరొకడు ఏమీ తోచక, చేతికందిన గులకరాయితో మండప స్తంభంపై తన పేరులోని మొదటి అక్షరం గీయబోయాడు.

వారి వెనుకనే మెట్లెక్కి వచ్చిన ఆటో వృద్ధుడు ఆ చేయి పట్టుకొన్నాడు. “వద్దు నాయనా! ఏనుగులశాల వెనుక ఒక గుడి ఉంది. కొందరు పిల్లకాయలు దాని కంబాలను తోసి పడేసినారు. అది 2019లో బయటపడింది. కోర్టు ఊరుకోలేదు. జరిమానా వేసి, పడేసిన వాళ్ల చేతనే ఆ కంబాలను మళ్లీ నిలబెట్టించింది. పడేయడానికి ఒక్క నిమిషం చాలింది. నిలబెట్టడానికి ఎంతమంది చేతులు కావలసి వచ్చినాయో!” అన్నాడు. యువకుడు సిగ్గుపడి రాయి జారవిడిచాడు.

వృద్ధుడు నవ్వి, ఖాళీ సీసాలను చూపుతూ మళ్లీ అన్నాడు: “పొద్దుటి నుంచి మీరు నలుగురూ ఎన్ని సీసాల నీళ్లు తాగినారో లెక్క పెట్టుకోండి. ఒకప్పుడు ఈ ఊరి నిండా జనమే. ఏనుగులు, గుర్రాలు సరేసరి. ఎండ అప్పుడూ ఇదే, బండలూ ఇవే. వాళ్లందరికీ నీళ్లెక్కడివని ఒక్కరైనా అడగరేమి?”

ఆ ప్రశ్నకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు. స్తంభంపై పేరు గీయబోయిన యువకుడు మాత్రం దానిని మరువలేదు. అతని ఊరు కరవు సీమలోనిది. ఏటా వేసవిలో నీటి ట్యాంకరు ముందు బిందెలతో నిలబడే జనాన్ని చిన్ననాటి నుండి చూచినవాడు. అందుచేత ‘నీళ్లెక్కడివి’ అన్న మాట అతనికి చరిత్ర ప్రశ్నలా కాక ఇంటి ప్రశ్నలా వినిపించింది.

కొండ దిగి కొంత దూరం వెళ్లగా లక్ష్మీనరసింహుని మహావిగ్రహం కనిపించింది. ఒకే శిల నుండి మలచిన ఈ విగ్రహం ఎత్తు సుమారు 6.7 మీటర్లు. 1528లో కృష్ణదేవరాయల కాలంలో ప్రతిష్ఠించబడినది. స్వామి ఒడిలోని లక్ష్మీదేవి రూపం ధ్వంసమైపోగా, ఆయన నడుమును చుట్టిన ఆమె చేయి మాత్రం మిగిలి ఉన్నది. ఆ పక్కనే చిన్న గర్భగుడిలో బడవిలింగం ఉన్నది. గర్భగుడిలోకి కాలువ నీరు ప్రవేశించే ఏర్పాటు ఉన్నందున లింగపీఠం నీటిలో మునిగి ఉంటుంది. వెలుపల నేల నిప్పులు చెరుగుతుండగా లోపల నీరు చల్లగా మెరుస్తున్నది. యువకుడు వంగి, ఆ నీరు ఎటునుండి వస్తున్నదని అడిగాడు. వృద్ధుడు కొద్ది దూరంలోని అరటితోటలను చూపాడు. బండరాళ్ల నడుమ అంతటి పచ్చదనం ఉన్నదన్న సంగతి అప్పటివరకు నలుగురిలో ఎవరి కంటా పడలేదు.

ఆ తోటలకు నీరందించేది విజయనగర కాలపు కాలువ. తుంగభద్రకు అడ్డంగా ఆనకట్టలు కట్టి, నీటిని మళ్లించి, కొండల వాలును అనుసరించి కాలువలు తవ్వారు. వాటిలో ‘హిరియ కాలువె’ అనే పెద్ద కాలువ ఆలయాలున్న ప్రాంతానికీ, రాజప్రాసాదాలున్న ప్రాంతానికీ నడుమ ఉన్న లోయ గుండా ప్రవహిస్తుంది. సామ్రాజ్యం గతించినా ఆ కాలువ ఆగలేదు. నేటికీ పొలాలను తడుపుతూనే ఉన్నది.

అక్కడి నుండి రాజప్రాసాదాల ఆవరణకు వెళ్లారు. “రాజుగారి మేడ ఏది?” అన్నది హంపికి వచ్చిన వారందరూ వేసే ప్రశ్న. విజయనగర కాలపు మేడలను రాతి పీఠాలపై చెక్క స్తంభాలతో నిర్మించేవారు. చెక్క కాలిపోయి, పీఠాలు మాత్రం మిగిలాయి. సభామండపంలో వంద స్తంభాలను నిలిపిన గుర్తులు నేలపై నేటికీ ఉన్నాయి. ప్రధానంగా రాతితో కట్టినందువలన ఆలయాలు నిలిచాయి. మహర్నవమి దిబ్బ కూడా అటువంటి పీఠమే. అంచెలంచెలుగా లేచిన ఆ వేదిక గోడలపై ఏనుగులు, గుర్రాలు, వేటగాండ్రు, నర్తకులు, విదేశీ వర్తకులు బారులు తీరి కనిపిస్తారు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ ఇక్కడి నవరాత్ర్యుత్సవాలను కన్నులారా చూచి వర్ణించాడు. నగరం తన కంటికి రోము అంత పెద్దదిగా తోచిందని కూడా రాశాడు.

దిబ్బ ఎక్కి చూచిన యువకునికి వేడిగాలిలో ఒక రాతి వంతెన వంటిది కనిపించింది. దగ్గరకు వెళ్లి చూస్తే అది వంతెన కాదు. వరుసగా నిలిపిన రాతి స్తంభాలపై రాతితో తొలిచిన నీటి తొట్టెలను ఒకదానికొకటి చేర్చి ఏర్పరచిన ఎత్తుకాలువ. దాని వెంట నడిస్తే అది నేరుగా ఒక మెట్ల కోనేటి వద్దకు తీసుకొనిపోయింది. 1980 తరువాతి దశకంలో జరిగిన త్రవ్వకాలలో బయటపడిన ఈ కోనేరు శిల్పుల పనితనానికి నిలువుటద్దం. నున్నని నల్లరాతి దిమ్మెలతో ఐదు అంతస్తులుగా మెట్లు దిగిపోతాయి. అనేక రాళ్లపై అక్షరాలు, గుర్తులు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో అమరవలెనో అవి తెలుపుతాయి. అనగా ఒకచోట కొలతల ప్రకారం చెక్కి సిద్ధం చేసిన రాళ్లను ఇక్కడికి తెచ్చి, గుర్తులను బట్టి కూర్చారన్న మాట.

నలుగురూ కోనేటి అంచున చాలాసేపు నిలిచిపోయారు. ఎవరూ ఫొటో సంగతి తలపెట్టలేదు. “రాయి రాయికీ నంబరు వేసి కట్టినారా!” అని మాత్రం ఒకడు ఆశ్చర్యంతో అన్నాడు. ఉదయం ‘రాళ్ల మీద రాళ్లు’ అని విసుగుకొన్నవాడే అతడు.

అంతఃపుర స్త్రీల స్నానశాలగా పేరు పొందిన భవనం, దాని చుట్టూ నీరు పారడానికి ఏర్పరచిన కందకం, కాలువ పక్కన బారులుగా రాతిలో తొలిచిన భోజనపు పళ్లాలు, అన్నీ ఆ నీటి కథలోని భాగాలే. 1443 ఏప్రిల్ మాసాంతంలో, సరిగ్గా ఇటువంటి ఎండలలోనే, హీరాత్ నగరం నుండి షారుఖ్ రాయబారిగా అబ్దుర్ రజాక్ ఇక్కడికి వచ్చాడు. అప్పుడు రాజ్యమేలుతున్నవాడు రెండవ దేవరాయలు. ఏడు ప్రాకారాల నగరాన్ని వర్ణిస్తూ, చెక్కి నునుపు చేసిన రాతి కాలువలలో పారే నీటిని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నాడు. దూరదేశపు రాయబారి కంటిని సైతం ఆ నీరు ఆకర్షించింది.

ఈ నీరు ఆకాశం నుండి ఊరక దిగివచ్చినది కాదు. కృష్ణదేవరాయలు ఒక పెద్ద చెరువు కట్టిస్తుండగా పదిహేను, ఇరవై వేల మంది పనిచేస్తున్న దృశ్యాన్ని పేయిస్ చూశాడు. ఆ కట్ట రెండు మూడు సార్లు తెగిపోయిందని కూడా తెలిపాడు. తెగిన కట్టను మరల మరల కట్టిన ఆ వేలాది శ్రామికుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. రాజు కవి కూడా కావడం వలన అతని ఆలోచన మాత్రం మనకు మిగిలింది. దేశం చిన్నదైనా చెరువులు, కాలువలు కల్పించి, పేద రైతుకు పన్నులలో ఊరట కలిగిస్తే ధర్మమూ అర్థమూ రెండూ వృద్ధి పొందుతాయన్న భావం ‘ఆముక్తమాల్యద’ రాజనీతి ఘట్టంలో ఉన్నది. ఆ పద్యానికి వ్యాఖ్యానం చదవదలచినవారు హంపి కాలువ గట్టున నడిస్తే చాలు.

ఇంతటి నగరం ఎలా పాడుపడిందన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధమని ప్రసిద్ధి పొందిన పోరులో అళియ రామరాయలు మరణించాడు. దక్కను సుల్తానుల కూటమి విజయం సాధించింది. రామరాయల సోదరుడు తిరుమలరాయలు రాజపరివారంతో పెనుగొండకు తరలిపోయాడు. రక్షించేవారు లేని నగరం కొల్లగొట్టబడింది, కాల్చబడింది. 1567లో వచ్చిన ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఇండ్లు ఇంకా నిలిచి ఉన్నా మనుషులు లేరని, వాటిలో పులులు, క్రూరమృగాలు తిరుగుతున్నాయని విన్నట్లు రాశాడు. ఆ తరువాత నిధుల కోసం విగ్రహాల పీఠాలు పెకలించిన అత్యాశాపరులు, నిర్లక్ష్యం వహించిన తరాలు మిగిలిన పని పూర్తి చేశారు. నగరాన్ని పాడుచేసింది ఒక్క యుద్ధం మాత్రమే కాదు.

సాయంకాలానికి విఠ్ఠలాలయం చేరారు. యాభై రూపాయల నోటుపై 2017 నుండి ముద్రిస్తున్న రాతిరథం ఇక్కడిదే. అది చూడటానికి ఏకశిలగా కనిపించినా అనేక శిలలను నేర్పుగా అతికి కట్టినది. లోపల గరుత్మంతుని సన్నిధి. ఒకప్పుడు దానిపై ఇటుకల శిఖరం కూడా ఉండేది. 1856లో తీసిన ఛాయాచిత్రంలో ఆ శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. నేడు అది లేదు. మీటితే స్వరాలు పలికే స్తంభాల మండపం కూడా ఈ ప్రాంగణంలోనే ఉన్నది. తాకిడికి దెబ్బతింటాయన్న భయంతో వాటిని మీటడాన్ని అధికారులు నిషేధించారు. యువకుడు ఆ స్తంభాలకు దూరంగా, చేతులు వెనుకకు కట్టుకొని నిలబడి చూశాడు. పొద్దున పేరు గీయబోయిన చేతులే అవి.

చివరకు నది ఒడ్డుకు చేరారు. పడమటి ఎండలో తుంగభద్ర బండల నడుమ మందంగా పారుతున్నది. “మా జిల్లాకు వచ్చే ఎగువ కాలువ నీళ్లు కూడా ఈ నదివే కదా తాతా?” అని అడిగాడు యువకుడు. “అవును నాయనా! హోసపేట దగ్గర డ్యాము నుంచి వస్తాయి. అది 1953లో పూర్తయింది. దానికి ముందు కట్టినవి ఇవి. రాయలు పోయినా కాలువ పోలేదు. కాలువలో ఏటేటా పూడిక తీసేవాళ్లు ఉన్నారు కాబట్టి అది బతికింది. చూసుకొనేవాళ్లు లేనివి పోయినాయి” అన్నాడు వృద్ధుడు.

రాత్రి రైలులో ముగ్గురు మిత్రులు అలసి నిద్రపోయారు. నాలుగవవాడు సెల్‌ఫోన్‌లో ఆ పగలు తీసిన ఫొటోలు చూచుకొన్నాడు. ఉదయం తీసినవాటిలో ప్రతిదానిలోనూ తామే ఉన్నారు, వెనుక గోపురాలు మసకగా ఉన్నాయి. మధ్యాహ్నం తరువాత తీసినవి తక్కువే. వాటిలో తాము లేరు. కాలువ ఉన్నది, తొట్టె ఉన్నది, అక్షరం చెక్కిన నల్లరాయి ఉన్నది. తన ఊరి చివర పూడికతో నిండి, తుమ్మచెట్లు మొలిచిన పాత చెరువు అతనికి జ్ఞాపకం వచ్చింది. దానిని ఎవరు కట్టించారో ఊరిలో ఎవరినైనా అడగాలని అనుకొన్నాడు. ఎండకు విసిగిన ఒక సాధారణ యాత్రికుడు చరిత్ర విద్యార్థిగా మారింది ఆ క్షణంలోనే.

కఠిన పదాలు – అర్థాలు

చులకన = తేలిక, అలుసు
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం
ప్రాసాదం = రాజభవనం, మేడ
ప్రాకారం = కోటగోడ, ప్రహరీ
కందకం = అగడ్త
కంబం = స్తంభం
పూడిక = చెరువు, కాలువలలో పేరుకొనిన ఒండ్రుమట్టి
పెకలించు = పెల్లగించు, ఊడబెరుకు

వ్యాకరణాంశాలు

మాసాంతం = మాస + అంతం – సవర్ణదీర్ఘ సంధి
నవరాత్ర్యుత్సవాలు = నవరాత్రి + ఉత్సవాలు – యణాదేశ సంధి
ఏముంది = ఏమి + ఉంది – ఇత్వ సంధి
రాజప్రాసాదం = రాజు యొక్క ప్రాసాదం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. విజయనగర కాలపు జలవ్యవస్థను పాఠం ఆధారంగా వివరించండి.
2. హంపి యాత్రలో యువకుని దృష్టిలో వచ్చిన మార్పును దశలవారీగా తెలపండి.

II. క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.

1. నీళ్లెక్కడివని ఒక్కరైనా అడగరేమి?
2. రాయి రాయికీ నంబరు వేసి కట్టినారా!
3. రాయలు పోయినా కాలువ పోలేదు.

III. క్రింది ప్రశ్నలకు ఏక వాక్యంలో సమాధానాలు రాయండి.

1. విరూపాక్షాలయంలో గోపురపు నీడ తలక్రిందులుగా కనిపించడానికి కారణమేమి?
2. హంపిలో ఆలయాలు నిలిచి, మేడలు నిలవకపోవడానికి కారణమేమి?
3. అబ్దుర్ రజాక్ ఏ రాజు కాలంలో విజయనగరాన్ని దర్శించాడు?

IV. కృత్యం

మీ ఊరిలోని పాత చెరువు, బావి లేదా కాలువను చూడండి. దానిని ఎవరు, ఎప్పుడు నిర్మించారో పెద్దలను అడిగి తెలుసుకోండి. దాని ప్రస్తుత స్థితిని గురించి ఒక వ్యాసం రాయండి.